ఇంట్లోకి ఇంకొకటి

కినుయె ఒసాకా రేవులో ఓడ దిగేసరికి ఊరింకా పూర్తిగా నిద్ర లేవలేదు. రాత్రంతా ఓడలో ఆమె మాత్రం నిద్రపోలేదు. సముద్రం నెమ్మదిగానే ఉంది, పక్కన పడుకున్న ఆడమనిషి గురక కూడా పెట్టలేదు. నిద్ర పట్టకపోవడానికి కారణం చేతిసంచీలో ఉంది. కొత్త పట్టుగుడ్డ, చక్కగా మడిచి, నలగకుండా పైన పాత పేపరొకటి పరిచి పెట్టింది. ఆ గుడ్డలో చుట్టి కూతుర్ని ఇంటికి తీసుకుపోవాలని వచ్చిందామె.

కూతురంటే మనిషి కాదు. సవాకో జబ్బు చేసి పోయి నాలుగేళ్లు దాటింది. మిగిలింది నల్ల లక్క పూసిన జానెడు పలక. పోయినవాళ్ల పేరు దాని మీద బంగారు అక్షరాలతో చెక్కించి, ఇంట్లో తలుపులున్న చెక్కపెట్టెలాంటి పెద్దల మందిరంలో నిలబెట్టి, పొద్దున్నే అన్నమూ నీళ్లూ పెడతారు. పోయినవాళ్లు అందులోనే ఉంటారని పెద్దలు చెబుతారు. ఉంటారా ఉండరా అని కినుయె ఎప్పుడూ వాదించలేదు. ఇంట్లో మనిషి ఇంట్లో ఉందా లేదా అని ఎవరైనా వాదిస్తారా?

అల్లుడు యోహెయి కిందటేడు కాక అంతకు ముందేడు శరత్కాలంలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. చేసుకోమని పోరింది కినుయే. పసిపిల్ల కోహరుని మగాడొక్కడూ ఎన్నాళ్లని సాకుతాడు? దీవెనలు పంపింది, తన కొండవాలు తోటలో కాసిన నారింజలు పెట్టెలకెత్తి పంపింది. తాను మాత్రం వెళ్లలేదు. పోయిన పెళ్లాం తల్లి ఎదురుగా కూర్చుంటే పెళ్లివిందులో ఎవరికి ముద్ద దిగుతుంది? అంతవరకూ బాగానే ఉంది. కానీ పక్కింటి తొమె నోటికి తాళం లేదు.

"కొత్తావిడ వచ్చిన ఇంట్లో పాతావిడ పలక ఎక్కడుంటుందనుకున్నావే?" అంది ఒకరోజు నారింజలు కోస్తూ. "అల్మారాలో, చలికాలం దుప్పట్ల వెనకాల! మా మేనల్లుడి ఇంట్లో నా కళ్లతో చూశాగా. పాపం, దుమ్ము కూడా దులపలేదు."

ఆ మాట కినుయె చెవిలో దూరిన జోరీగై కూర్చుంది. ఊరి గుళ్లో పురోహితుడు ఇంకో పలక చేయించుకుని ఇక్కడా ఒకటి పెట్టుకోమన్నాడు. "ఉన్నది ఒక్కత్తి. రెండిళ్లలో ఉండమంటే ఎక్కడని అన్నం తింటుంది?" అని కినుయె ఒప్పుకోలేదు. పలక తెచ్చేసుకుంటే ఆ ఇంటికి తాను మళ్లీ వెళ్లే పనుండదు. కోహరు ఇక ఫొటోల్లో పెరుగుతుంది. అది తెలిసే బయల్దేరింది. కూతుర్ని దుప్పట్ల వెనకాల ఊహించుకుంటూ బతకడం కన్నా అదే నయమనుకుంది.

రేవులో ముగ్గురూ వచ్చి నిలబడి ఉన్నారు.

"అత్తయ్యగారూ! ఓడ మునగలేదా? అనవసరంగా చావుకి వేసుకునే నల్లకోటు ఇస్త్రీ చేయించానే!" అని యోహెయి కేకేశాడు. ఒసాకావాళ్లకి ముందు నోరు పుట్టి తర్వాత మనిషి పుడతాడని కినుయె ఎప్పుడో తీర్మానించుకుంది. పైగా ఈ మనిషికి గుండెల్లో ఎంత బరువుంటే నోట్లో అంత వేళాకోళం వస్తుంది. సవాకో చనిపోయిన నెలలో ఇతని జోకులు భరించడం ఎవరి తరమూ కాలేదు.

"అమ్మమ్మా, పన్నూడింది చూడు!" అని ఏడేళ్ల కోహరు నోరంతా తెరిచింది.

వాళ్ల వెనక మదోకా నడుం విరిగేలా వంగి నమస్కారం పెట్టింది. సన్నగా, పొడుగ్గా, నిద్రలేని కళ్లతో ఉంది. "అమ్మమ్మగారూ, అంత దూరం నుంచి శ్రమపడి వచ్చారు" అంది. పిల్లలు ఏమని పిలిస్తే పెద్దలూ అలాగే పిలవడం ఇక్కడి అలవాటు. మొగుడి మొదటి పెళ్లాం తల్లిని ఏమని పిలవాలో ఎవరూ ఏర్పాటు చేసి పెట్టలేదు గనక, ఆ అలవాటే మదోకాని గట్టెక్కించింది.

"ముందు ఇంటికెళ్లి సవాకోకి ఒక అగరొత్తి వెలిగించేస్తాను. తర్వాత మీరెక్కడికి తిప్పితే అక్కడికి తిరుగుతాను" అంది కినుయె.

అది అడగాల్సిన మాట కూడా కాదు. ఎవరింటికెళ్లినా మందిరం ముందు కూర్చుని అగరొత్తి వెలిగించాకే టీ ముట్టేది. మదోకా మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"ఇంటికి... సాయంత్రం వెళ్దామండీ, తీరిగ్గా. ఇప్పుడైతే కోట దగ్గర జనం ఉండరు. ఆ తర్వాత పడవ. టికెట్లు కూడా తీసేశాను. సంచీ ఇలా ఇవ్వండి, లాకర్లో పెట్టేద్దాం."

"ఇల్లు ఇక్కడికి దూరమా ఏమిటి?"

"దూరం కాదండీ. అంటే, దూరమే. అటు వెళ్తే మళ్లీ ఇటు రావాలి కదండీ."

కినుయె అల్లుడి వంక చూసింది. యోహెయి తేలు కుట్టిన దొంగలా రేవులో పక్షుల్ని చూస్తున్నాడు. తొమె చెప్పిందే నిజమన్నమాట. పెద్ద సంచీ లాకర్లోకి వెళ్లింది. చేతిసంచీ మాత్రం ఎవరడిగినా ఆమె వదల్లేదు.

కోట దగ్గర జనం లేకపోవడమేమిటి, ఇసకేస్తే రాలనంత మంది ఉన్నారు. లిఫ్టు ముందు వరస చూసి మెట్లెక్కుదామంది కినుయె. జీవితమంతా కొండవాలు మీద నారింజ బుట్టలు మోసిన కాళ్లు అవి. పై అంతస్తుకి వెళ్లేసరికి యోహెయి గోడకి ఆనుకుని నాలుక బయట పెట్టాడు.

"అత్తయ్యగారూ, ఈ కోట మీద దండెత్తినవాళ్లలో మీరుంటే ఒక్క పూటలో పడిపోయేది."

"నువ్వు కాపలా ఉంటే అరపూట చాలు" అంది కినుయె.

పైనుంచి ఊరంతా కనిపించింది. కోహరు వేలెత్తి "మా బడి అటు, మా ఇల్లు అదిగో అటు" అని చూపిస్తోంది. కినుయె ఆ వేలి వెంట చాలాసేపు చూసింది. ఇల్లు పిల్ల వేలి చివర ఉంది. ఇంటికి మాత్రం ఎవరూ తీసుకెళ్లడం లేదు.

కిందికి దిగాక మదోకా పరుగున వెళ్లి చిక్కుడు పూర్ణం పెట్టిన ఆవిరి ఉండలు తెచ్చింది. నలుగురికీ నాలుగు పంచింది. ఐదోది కాగితంలో చుట్టి తన సంచీలో పెట్టుకుంది.

"అదెవరికి?" అంది కినుయె.

"ఇంట్లోకండీ" అంది మదోకా, నేల చూస్తూ.

కోహరు ఏదో చెప్పబోయింది. మదోకా పెదవి మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపింది. కినుయె అది చూసింది, చూడనట్టే ఉండ కొరికింది. లోపలి తీపి నాలుకకి తెలియలేదు. ఇంట్లోకట! ఉన్నవాళ్లంతా ఇక్కడే ఉంటే ఇంట్లో ఇంకెవరున్నారు?

పడవలో జవాబు తట్టింది. మదోకా తల్లి! ఆవిణ్ణి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. ఉన్నది చిన్న ఇల్లు, ఖాళీగా ఉండేది లోపలి గది ఒక్కటే. అందులోనే సవాకో మందిరం ఉండేది. ఇప్పుడు ఆ గదిలో ఆ తల్లి పక్క పరుచుకుంది, సవాకో అల్మారాలోకి పోయింది. లెక్క సరిగ్గా సరిపోయింది. ఇలాంటి లెక్కలు ఎంత చక్కగా సరిపోతే అంత తప్పని కినుయెకి ఇన్నేళ్లొచ్చినా తెలియలేదు, తొమె లాంటి వాళ్ల పక్కన బతికినవాళ్లకి తెలియదు కూడా.

మదోకా పిల్లని పడవ ముందుభాగానికి తీసుకెళ్లింది. ఇదే సమయమనుకుని కినుయె అల్లుడి పక్కకి జరిగింది.

"యోహెయి బాబూ, నిన్నొక మాట అడగాలి. మన సవాకోని..."

"వంతెన వస్తోంది, దయచేసి అందరూ తలలు వంచండి!" అని మైకులో అమ్మాయి గొంతు వినిపించింది. ఆ నది మీద వంతెనలు నీళ్లకి మరీ దగ్గరగా ఉంటాయి. కిందికి వచ్చినప్పుడల్లా పడవ పైకప్పే కిందికి దిగుతుంది. అందరూ నవ్వుతూ వంగారు. వంతెన దాటాక అందరూ తలలెత్తారు. యోహెయి ఎత్తలేదు.

"ఏమైంది?"

"ఇంకో వంతెన ఉందండీ అత్తయ్యగారూ."

"కనుచూపు మేరలో లేదు."

"జాగ్రత్త మంచిది కదండీ."

ఆ వంగిన వీపుని ఏమని అడుగుతుంది?

మధ్యాహ్నానికి కాలువ ఒడ్డున తిండి వీధిలోకి వచ్చారు. అక్కడ నడవడమంటే జనం తోసిన వైపుకి పోవడమే. తకోయాకి దుకాణం ముందు మలుపు తిరిగిపోయిన వరసలో మదోకా ఎండలో నిలబడింది. గుంటల పెనం మీద పొంగణాల్లా పొంగే ఆ ఆక్టోపస్ ఉండలు ఈ ఊరివాళ్లకి అన్నం కన్నా ఎక్కువ. తమ వీధి దుకాణంలోవి తప్ప తక్కినవన్నీ పిండి ముద్దలని ఎవరికి వాళ్లే వాదిస్తారు. యోహెయి కూడా కూర్చున్నంతసేపూ అదే వాదించాడు.

మదోకా పొట్లాలతో తిరిగి వస్తుంటే కుంటుతోందని కినుయె గమనించింది. కొత్త బూట్లు. మడమ దగ్గర మేజోడు ఎర్రగా తడిసి ఉంది. కినుయె చేతిసంచీలో వెతికి ప్లాస్టర్ తీసి ఇచ్చింది.

"అయ్యో, నాకేం కాలేదండీ."

"నెత్తురు కారుతుంటే ఏం కాలేదంటారేమిటి? కూర్చోండి."

మదోకా సిగ్గుపడుతూ కూర్చుని వేసుకుంది. ఇంత కష్టపడి నన్నెందుకు తిప్పుతోంది ఈ పిల్ల అనుకుంది కినుయె. జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఎందుకంటే నాలుగు పొట్లాలు విప్పాక ఐదో పొట్లం మూత బిగించి మళ్లీ ఆ సంచీలోకే వెళ్లింది.

"చల్లారిపోవూ?" అంది కినుయె ఉండబట్టలేక.

"ఫరవాలేదండీ. ఇంట్లోకే కదా."

తల్లికి చల్లారిన తకోయాకి పెడుతుందా? కినుయెకి లెక్క మొదటిసారి కొంచెం తడబడింది. కోహరు మూతికి అంటిన సాస్ తుడిచింది. ఈ మూతి తుడవడం ఇదే ఆఖరుసారేమోనని అనిపించి, శుభ్రమైన మూతినే ఇంకోసారి తుడిచింది.

తర్వాత రేవు పక్కన చేపల అద్దాల మహలు. బస్సంత సొరచేప తల మీంచి ఈదుకుంటూ పోయింది. కోహరు రెండోసారి చూడాలని పేచీ పెట్టింది. యోహెయి దాన్ని తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు. బయట మిగిలింది ఇద్దరాడవాళ్లు.

"ఆ జెయింట్ వీల్ ఎక్కుదామాండీ?" అంది మదోకా.

"మీకు ఎక్కాలనుంటే ఎక్కుదాం."

"నాకేం లేదండీ, మీకు బాగుంటుందని."

"నాకూ ఏం లేదు, మీరన్నారని."

ఇలా ఇద్దరికీ అక్కర్లేని జెయింట్ వీల్ ఇద్దరూ ఎక్కారు. మొహమాటానికి పోతే కడుపైందన్నది వీళ్లలాంటి వాళ్లని చూసే పుట్టి ఉంటుంది. తలుపు బయటనుంచి గడియ పడింది. పెట్టె నెమ్మదిగా లేచింది. కింద రేవు, ఓడలు, నీళ్ల మీద వాలుతున్న ఎండ. దిగిపోయే దారి లేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

కినుయె చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"మదోకా గారూ, మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదు నేను. మీ కాపురం మీది. కొత్తగా వచ్చిన ఇంట్లో వెనకటి మనిషి పలకకి అన్నం పెడుతూ కూర్చోమనడం న్యాయం కాదు. సవాకోని నాతో తీసుకెళ్తాను. గుడ్డ కూడా తెచ్చాను. మీరు మొహమాటపడకండి. ఎక్కడ పెట్టారో చూపించండి, చాలు."

మదోకా రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"అన్నం కుక్కర్ పక్కన పెట్టానండీ" అంది.

"ఏమిటి?"

"క్షమించండి. కుక్కర్ పక్కన. చోటు అదొక్కటే ఉంది." ముక్కు తుడుచుకుంది, మళ్లీ కారింది. "నేను వచ్చిన కొత్తలో కోహరు నాతో కూర్చుని తినేది కాదు. గిన్నె పట్టుకుని లోపలి గదిలోకి పోయి వాళ్లమ్మ ముందు కూర్చుని తినేది. వద్దనడానికి నేనెవర్ని? చలికాలంలో ఆ గది మంచుగడ్డ. వణుకుతూ తినేది పిల్ల. ఒకరోజు, అమ్మకి ఇక్కడ చలెయ్యదా అని నన్నడిగింది. ఏం చెప్పను? మందిరాన్ని మోసుకొచ్చి భోజనాల బల్ల పక్కన పెట్టేశాను. నడుం పట్టేసింది కూడా. అప్పట్నుంచి అందరం ఒకచోటే తింటున్నాం."

కినుయె తన చేతిరుమాలు ఆమె చేతిలో పెట్టింది.

"మందిరం పెట్టకూడని దిక్కు అదని మా అమ్మ తిట్టింది. గుడి నుంచి వచ్చిన పురోహితుడు చూసి, నోరు తెరిచి, ఏమీ అనలేక మూసుకున్నాడు. కుక్కర్ ఆవిరికి మందిరం తలుపు ఉబ్బిపోయింది, సరిగ్గా మూసుకోదు. మీరు చూశారంటే ఇదేనా నా కూతురికి మీరిచ్చే మర్యాద అని పలక పట్టుకెళ్లిపోతారని భయమేసింది. అందుకే పొద్దున్నుంచీ తిప్పుతున్నానండీ. సాయంత్రానికి మీరు బాగా అలిసిపోతే, దీపం వెలుతుర్లో అంతగా గమనించరని. ఆయన్ని కూడా నోరు మెదపొద్దని ఒట్టు వేయించుకున్నాను."

"మీ అమ్మగారు ఇప్పుడెక్కడున్నారు?"

"మా అమ్మా? నారాలోనండీ, మా అన్నయ్య దగ్గర. ఎందుకండీ?"

"ఏం లేదు. మరి ఇంట్లోకని పొద్దున్నుంచీ కొంటున్నవి?"

"సవాకో గారికండీ" అంది మదోకా, అది కూడా అడగాలా అన్నట్టు. "మేం బయట ఏం తిన్నా ఆవిడకొకటి తీసుకెళ్తాం. లేకపోతే కోహరు ఒప్పుకోదు. కోహరేమిటి, నేనూ ఒప్పుకోను."

కినుయె చెప్పాల్సింది చాలా ఉంది. ఈలోగా పెట్టె కిందికి దిగిపోయింది, కుర్రాడు తలుపు తీశాడు.

"ఇంటికి పదండి" అని మాత్రం అనగలిగింది.

మదోకాకి అది తీర్పులా వినిపించింది. రైల్లో దారంతా తలెత్తలేదు. కోహరు తండ్రి భుజం మీద నిద్రపోయింది. యోహెయి ఇద్దరి మొహాలూ చూశాడు, ఒక్క జోకు కూడా వెయ్యలేదు. అతను జోకు వెయ్యకుండా అంతసేపు కూర్చోవడం కినుయె ఎన్నడూ చూడలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే ఎదురుగా సవాకో నవ్వుతోంది. మందిరం తలుపు మూసుకోదు గనక తెరిచే ఉంది. పలక మీద దుమ్ము రేణువు లేదు. ఒక పక్క కుక్కర్, ఇంకో పక్క సోయా సాస్ సీసా, మధ్యలో సవాకో ఫొటో. చిన్న పళ్లెంలో పిల్లదాని పన్ను ఉంది. మేడ మీద ఇల్లు, విసరడానికి కప్పు లేక కోహరు ఊడిన పన్ను తల్లికి ఇచ్చింది. గోడకి అతికించిన బొమ్మలో నలుగురు మనుషులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు, అందులో ఒకావిడకి నెత్తి మీద పసుపుపచ్చ సున్నా ఉంది.

కినుయె కూర్చుని అగరొత్తి వెలిగించింది. గంట కొట్టింది. ఓడలో రాత్రంతా ఒక మాట సిద్ధం చేసుకుని వచ్చింది. పద తల్లీ, మనింటికి పోదాం అని. కూతురి మొహం చూసింది. ఇంట్లో ఉన్న మనిషిని ఇంటికి రమ్మని ఎలా పిలుస్తుంది?

వెనకనుంచి మదోకా బిక్కుబిక్కుమంటూ వచ్చి నలిగిన ఆవిరి ఉండ, దాని పక్కన తకోయాకి పొట్లం పెట్టింది. కినుయె పొట్లం వంక చూసింది.

"ఇదెందుకు?"

"ఆవిడకి బాగా ఇష్టమని..."

"ఎవరన్నారు?"

మదోకా యోహెయి వంక చూసింది. "ఎందుకిష్టం లేదు?" అన్నాడు యోహెయి. "ఎనిమిదేళ్లు నాతో కలిసి తింది! ఒక్క ముక్క వదిలేది కాదు."

"అది ఆక్టోపస్ తినదు బాబూ" అంది కినుయె. "చిన్నప్పుడు వాళ్ల నాన్న తెచ్చిన ఆక్టోపస్ బకెట్లోంచి పాకి వచ్చి దాని కాలు పట్టుకుంది. ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చేలా ఏడ్చింది. అప్పట్నుంచి దాని పేరెత్తితేనే వాంతి. పెళ్లయిన కొత్తలో ఫోన్ చేసి ఒకటే గోల. అమ్మా, ఈ ఊళ్లో తకోయాకి వద్దంటే వాళ్లమ్మని తిట్టినట్టు చూస్తున్నారే, నమలకుండా మింగేస్తున్నానే అని."

యోహెయి పొట్లం వంకా ఫొటో వంకా మార్చి మార్చి చూశాడు.

"ఎనిమిదేళ్లు!" అన్నాడు యోహెయి. "పుట్టినరోజుకి కూడా అదే కొనిపెట్టానే!"

"అంటే నేను ఇన్నాళ్లూ..." మదోకా మొహం పాలిపోయింది. "వారం వారం పెడుతున్నానండీ!"

"వారం వారమా!" అంది కినుయె. అని, నవ్వు ఆపుకోలేకపోయింది. చచ్చిపోయి కూడా మొహమాటం వదల్లేదు దీనికి అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఫొటోలో సవాకో కూడా నవ్వుతూనే ఉంది, ఇంకేం చేస్తుంది? ముందు యోహెయి నవ్వాడు, తర్వాత మదోకా ఏడుస్తూనే నవ్వింది. కోహరు నిద్ర లేచి ఏమైంది ఏమైంది అని అందరి చుట్టూ తిరిగింది. కూతురు పోయాక కినుయె ఇలా నవ్వడం ఇదే.

నవ్వు తగ్గాక కినుయె కళ్లు తుడుచుకుని మదోకా వైపు తిరిగి కూర్చుంది. రెండు చేతులూ చాప మీద ఆనించి, నుదురు నేలకి తగిలేలా వంగింది. అంత పెద్దావిడ అంత చిన్నదానికి అలా వంగడం ఎక్కడా లేదు. మదోకా బెదిరిపోయి తాను అంతకన్నా కిందికి వంగబోయి బల్లకి తల కొట్టుకుంది.

"నా కూతుర్ని చలిలో ఉంచలేదు నువ్వు" అంది కినుయె. మీరు అనడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు. "అందరితో కలిపి అన్నం పెడుతున్నావు. నేను కన్నదాన్ని, నాకీ ఆలోచన వచ్చేది కాదు. లోపలి గదిలోనే మర్యాదగా కూర్చోబెట్టి ఉండేదాన్ని. ఈ రుణం నేను తీర్చలేను తల్లీ."

"మరి... తీసుకెళ్లరా?"

"పిలిచి చూశాను. రానంది."

యోహెయి లేచి వంటగట్టు దగ్గరికి వెళ్లి కుళాయి తిప్పి, ఏమీ కడగకుండా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. చల్లారిన తకోయాకి కోహరు తినేసింది. సవాకోకి ఏం ఇష్టమో చెప్పమని మదోకా అడిగింది. వంకాయలు కాల్చి పెట్టమంది కినుయె, అల్లం కాస్త ఎక్కువ వెయ్యమంది. ఇంకా చాలా చెప్పింది. మళ్లీ నెల వచ్చి తక్కినవి చెబుతానంది. చేతిసంచీ ఆ సాయంత్రం ఎవరూ తెరవలేదు.

మర్నాడు పొద్దున కినుయెకి లోపలి గదిలో మెలకువ వచ్చింది. జరుపుడు తలుపు అవతల కుక్కర్ మూత తీసిన చప్పుడు, గిన్నెలో గరిటె తగిలిన చప్పుడు. తర్వాత మదోకా గొంతు సన్నగా వినిపించింది. కోహరుతో మాట్లాడుతోందనుకుంది కినుయె. కోహరు తన పక్కనే కాలు తన పొట్ట మీద వేసి నిద్రపోతోంది.

"ఇదిగో అక్కా, అన్నం. వేడిగా ఉంది, చూసుకుని తిను. అమ్మ ఇంకా లేవలేదు. నిన్న నా మూలాన కాళ్లరిగేలా తిరిగింది పాపం, పడుకోనీ. ఇన్నాళ్లూ నీకిష్టం లేనిది పెట్టాను, ఒక్క కలలోనైనా వచ్చి తిట్టొచ్చుగా? సర్లే. కోహరు లెక్కల పేపరు ఎక్కడో దాచింది. నాకు చెప్పడం లేదు, నువ్వే కాస్త అడుగు. ఆయన దగ్గు తగ్గింది. వంకాయలు ఇవాళే తెస్తాను."

లేవబోతున్న కినుయె ఆగిపోయింది. ఈ లోకంలో తన కూతురితో మాట్లాడే మనిషి తానొక్కత్తే అనుకుంటూ వచ్చింది ఇన్నేళ్లూ. తాను పోయిన మర్నాటి నుంచి సవాకోని పలకరించే దిక్కుండదని దిగులు పెట్టుకుంది. తొమెకి కూడా చెప్పుకోలేదు ఆ దిగులు.

దుప్పటి కింద రెండు చేతులూ జోడించింది, వంటింట్లో ఉన్న మనిషికి. తాను లేస్తే ఆ మాట ఆగిపోతుందని, కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టే పడుకుంది. అవతల మదోకా ఇంకా ఏదో చెబుతూనే ఉంది.